తొమ్మిదో నంబరు సూది

నలభై ఒక్కేళ్లుగా నా పని ఇదే.
మగ్గం దిగిన ఉన్ని బట్టను
ఉత్తరపు కిటికీ దగ్గర ఏటవాలు బల్ల మీద పరిచి
కళ్లు మూసుకుని అరచేత్తో తడమడం.
పడుగులో తెగిన పోగు, పేకలో పడిన ముడి
ఆవగింజలో సగమున్నా చాలు,
నా వేలు ఆగుతుంది.
బియెల్లాలో మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి గానీ
ఈ వేళ్లు ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

అందుకే అవమానంగా ఉంది.

రెండేళ్లకోసారి వచ్చే ఉత్తరం వస్తే వెళ్లాను, అంతే.
వారం తిరక్కుండా ఫోను.
ఎడమవైపు, లోపలెక్కడో,
ఉప్పు చల్లినట్టు సున్నపు నలుసులు, గుంపుగా.
"చేతికి తగలవు" అంది డాక్టర్ వెర్చెల్లోనె.
"ఎవరి చేతికి?" అన్నాను.

ఆ రాత్రి స్నానాల గదికి గడియ పెట్టుకుని
బట్టను వెతికినట్టే వెతుక్కున్నాను నన్ను నేను.
అడ్డంగా. నిలువుగా. మళ్లీ ఏటవాలుగా.
మెత్తదనం, వయసు,
ఎప్పుడో పాలిచ్చిన జ్ఞాపకం.
ఇంకేమీ లేదు.
నా వేళ్లు నాకు అబద్ధం చెప్పాయో,
వాటి భాషలో ఆ మాటే లేదో.

గురువారం.
బల్ల మధ్యలో ఒక కన్నం.
బోర్లా పడుకోమన్నారు.
రొమ్ము ఒక్కటీ కిందికి వేలాడుతుంటే
బల్లను పైకి లేపి, కింద చేరారు వాళ్లు,
కారు కింద దూరిన మెకానిక్కుల్లా.
నవ్వొచ్చింది. కదలొద్దన్నారు.
రెండు పలకల మధ్య బిగించి
అటునుంచి ఒక ఫోటో, ఇటునుంచి ఒకటి.
ఒకే నలుసు రెండు చోట్ల కనబడుతుందట,
ఆ తేడాలోంచే లోతు తేలుతుందట.
ఈ కన్ను మూసి ఒకసారి, ఆ కన్ను మూసి ఒకసారి
సూది బెజ్జం చూడడం నేర్పింది మా అమ్మ.
పెద్ద కొత్తేం కాదు అనుకున్నాను.

నర్సు ఇల్హామ్ అంకెలు పైకి చదివింది.
అడ్డం ఇంత, నిలువు ఇంత,
లోతు ముప్పై రెండు మిల్లీమీటర్లు.
నా ఒంట్లోనే ఉంది,
నేనెన్నడూ వెళ్లని చిరునామా.

"సూది చూపిస్తావా?"
"ఇంతవరకూ ఎవరూ అడగలేదు ఎర్సీలియా గారూ" అంటూనే చూపించింది.
"ఏ నంబరు?"
"తొమ్మిది."
మా దగ్గర తొమ్మిదంటే
తడి దారం కూడా బతిమాలితే గానీ దూరదు.
ఇక్కడ తొమ్మిదంటే పెన్ను రీఫిల్లంత!

ముందు మత్తు, చీమ కుట్టినంత.
తర్వాత ఏదో పీల్చే చప్పుడు,
పిల్లాడు గ్లాసు అడుగున పళ్లరసం లాగుతున్నట్టు.
నొప్పి అక్కడ కాదు, మెడలో.
ఇల్హామ్ చెయ్యి మొత్తం సేపూ నా వీపు మీదే ఉంది.
ఆ బరువు నాకు తెలుసు.
కొత్త పిల్ల మొదటిసారి బట్ట ముట్టినప్పుడు
మేమూ పక్కన నిలబడి అలాగే వేస్తాం చెయ్యి.

తీసిన ముక్కల్ని మళ్లీ ఫోటో తీశారు.
"ఉన్నాయి, నలుసులు వచ్చేశాయి" అంది డాక్టర్,
చేప పడ్డంత సంబరంగా.
ఖాళీ అయినచోట టైటేనియం గుర్తొకటి వదిలారు,
నువ్వుగింజ కన్నా చిన్నది.
అదెందుకో నేను అడగలేదు.
తప్పు దొరికిన చోట అంచుకి తెల్లదారం కట్టి వదులుతాం మేమూ,
తర్వాత చూసేవాళ్లకి తెలియాలని.

జవాబు వచ్చే బుధవారం.

బరువులెత్తొద్దన్నారు.
బట్ట బరువేం కాదని ఇవాళ పనిలోకొచ్చాను.
బూడిదరంగు ఉన్ని, అరవై మీటర్లు.
బిగించి కట్టిన కట్టు కింద సలుపుతోంది.
కళ్లు మూశాను.
పదకొండో మీటరు దగ్గర వేలు ఆగింది.

వెంటనే సూది తీయలేదు.
కాసేపు దాని మీదే వేలుంచి
అలా కూర్చున్నాను.